ఎంగిలి వేలు

తొంభైల చివర్లో నిమ్మనపల్లె దగ్గర ఓ పల్లె బడిలో మూడో తరగతి టీచరుగా పనిచేసేదాన్ని. బీరువాలో మగ్గుతున్న లైబ్రరీ పుస్తకాలను ఓ ఏడాది బయటికి తీసి, వాటిని ఎలా చూసుకోవాలో పిల్లలకు నేర్పాను.

ఒకరోజు తనిఖీకి వచ్చిన అధికారి ఓ కథల పుస్తకం తీసుకుని, వేలు నాలుకకు అద్దుకుని పేజీ తిప్పబోయారు. గొర్రెలు కాసుకునేవాళ్ల పిల్ల రెడ్డెమ్మ లేచి నిలబడింది.

“సార్, ఎంగిలి ఏలితో తిప్పగూడదు. పుస్తకం పాడైపోతాది.”

ఆయనకు కోపమొస్తుందేమోనని, ఆ పిల్లను కూర్చోమని సైగ చేశాను. ఆయన ఒక్క క్షణం ఆ పిల్లనే చూసి, జేబురుమాలుతో వేలు తుడుచుకున్నారు.

“అయితే ఎట్ల తిప్పాలమ్మా?”

రెడ్డెమ్మ దగ్గరికెళ్లి, పైమూల మెల్లగా పట్టుకుని తిప్పి చూపించింది. “ఇట్ల సార్. మా టీచరమ్మ నేర్పించినాది.”

ఆయన అలాగే తిప్పుతూ ఓ కథంతా చదివి వెళ్లారు.

పేజీ తిప్పడం నేను నేర్పిందే. జంకకుండా చెప్పిన ధైర్యం మాత్రం రెడ్డెమ్మది. ఆ సాయంత్రం మదనపల్లె బస్సులో గర్వంతో దారంతా నాలో నేనే నవ్వుకున్నాను.