అర్జెంటు టీచర్

యోగా టీచరమ్మకు ఒకటే పిచ్చి. ఏ గడప తొక్కినా "బాగున్నారా" అనే ముందు "బాత్రూమ్ ఎటు?" అని అడిగేది. అదీ గుసగుసగా కాదు, వీధి చివరిదాకా వినపడేలా.

ఆసుపత్రిలో తన దగ్గర యోగా నేర్చుకునే పిల్లల్ని ఓసారి సినిమాకు తీసుకెళ్ళింది. "సీట్లు ఎక్కడ కావాలమ్మా?" అన్నాడు టికెట్లిచ్చే అతను. "బాత్రూమ్ పక్కన" అంది. ఇంకోసారి మ్యూజియంలో, "ఇది రాజుగారి సింహాసనం" అని గైడు ఛాతీ విరుచుకుని చెబుతుంటే, "అది సరే నాయనా, అర్జెంటైతే రాజుగారు ఎటు వెళ్ళేవారు?" అంది. పిల్లలు పొట్టలు పట్టుకున్నారు. వాళ్ళు పొట్ట పట్టుకోవడం మామూలే కానీ, నవ్వుతూ పట్టుకోవడం అరుదు. ఆవిడకు 'అర్జెంటు టీచర్' అని పేరు పెట్టింది కూడా వాళ్ళే.

ఆ పిల్లలందరిదీ ఒకే బాధ. పేగుల్లో వాపు, పుళ్ళు. వాళ్ళలోకి కొత్తగా వచ్చి చేరింది పదోక్లాసు పిల్ల ఒకతి. నొప్పికంటే, విరేచనంలో పడే రక్తంకంటే ఆ పిల్లకు భయం ఎక్కువ. ఒకరోజు బడిలో, పాఠం మధ్యలో, లేచి వెళ్ళేలోపే జరగకూడనిది జరిగిపోయింది. వెనక బెంచీలో ఎవరో ముక్కు మూసుకున్నారు. ఆ రోజు నుంచి బడి మానేసింది. బడి బస్సు హారన్ వినపడితే చెవులు మూసుకునేది. ఇంట్లో కూడా బాత్రూమ్ తలుపు కనిపించే చోటే కూర్చునేది. ముద్ద నోట్లో పెట్టుకోవాలన్నా భయమే.

"మందులు మాత్రం మానకూడదు. యోగా జబ్బును తీసేయదు. భయానికీ నొప్పికీ కాస్త కళ్ళెం వేస్తుంది, అంతే" అని చెప్పి టీచరమ్మ దగ్గరికి పంపాడు డాక్టరు.

మొదటి రోజు ఆ పిల్ల తలుపు పక్కనే చాప పరుచుకుంది. "వెల్లకిలా పడుకోండి. పొట్ట మీద చెయ్యి పెట్టుకోండి. ఊపిరి మెల్లగా లోపలికి" అంటోంది టీచరమ్మ. గదిలో సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. సరిగ్గా అప్పుడే పొట్టలో మెలి తిరిగింది. లేస్తే అందరూ చూస్తారు. లేవకపోతే? బడిలో జరిగింది కళ్ళ ముందు కదిలింది. పిల్ల ఊపిరి బిగబట్టి కొయ్యబారిపోయింది.

"అమ్మబాబోయ్! తప్పుకోండి! నాకర్జెంటు!"

టీచరమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా, దారిలో మంచినీళ్ళ సీసా తన్నేసి, తలుపు బార్లా తీసి పరుగెత్తింది. గది గదంతా ఘొల్లుమంది. ఆ నవ్వుల్లో పిల్ల కూడా ఆవిడ వెనకే జారుకుంది. బాత్రూమ్ దగ్గర టీచరమ్మ పక్కకు జరిగి, "నువ్వు వెళ్ళు తల్లీ. నాది ఇంకా ఆలోచించుకుంటోంది" అంది.

ఆ తర్వాత కూడా చాలాసార్లు అలాగే జరిగింది. పాపం, ఈవిడది నాకంటే ముదిరిన జబ్బు అనుకుంది పిల్ల.

"టీచర్, మీరు డాక్టరుకు చూపించుకున్నారా?"

"ఆఁ, చూపించుకున్నానమ్మా. ఆయనా చేతులెత్తేశాడు."

కొన్నాళ్ళకు పెద్దపేగులోకి గొట్టం పంపి చూసే పరీక్ష పెట్టారు. స్ట్రెచర్ మీద పడుకోబెట్టగానే పిల్ల తల్లి కొంగు పట్టేసుకుంది. పుళ్ళు పెరిగాయంటే? పేగు కోసెయ్యాలంటే? "అమ్మా, నాకొద్దు, ఇంటికి పోదాం" అని తల్లి కొంగు వదల్లేదు. టీచరమ్మ వచ్చి పక్కన నిలబడింది.

"భయంగా ఉందా?"

"చాలా."

"ఉండనీ. దాన్ని పొమ్మనకు. ఊపిరి మాత్రం వదులు. ఇంకా మెల్లగా... అదీ!"

మత్తు ఎక్కేదాకా ఆ గొంతు వెంటే ఊపిరి వదులుతూ పోయింది పిల్ల.

కళ్ళు తెరిచేసరికి తల్లి ముఖం వెలిగిపోతోంది. "పుళ్ళు చాలావరకు మానాయట. మందులు మాత్రం వాడుతూనే ఉండాలట. మీ టీచరైతే పొద్దున నిన్ను లోపలికి తీసుకెళ్ళినప్పటినుంచీ ఆ గది తలుపు ముందు కుర్చీలోంచి కదిలితే ఒట్టు. నేను టీ తాగొద్దాం రమ్మన్నా రాలేదు."

పిల్ల మత్తు కాస్తా దిగిపోయింది. "బాత్రూమ్‌కి కూడా లేవలేదా?"

"లేదే. ఏం?"

ఇంతలో టీచరమ్మ లోపలికి వచ్చింది. పిల్ల ఆవిణ్ణి ఎగాదిగా చూసింది.

"టీచర్! మీకసలు అర్జెంటే రాదు కదూ? నాకొచ్చినట్టు మీకెలా తెలిసేది?"

"నువ్వు ఊపిరి బిగబడతావు కదా. అదే చెప్పేస్తుంది."

"మరి అందరూ మిమ్మల్ని చూసి నవ్వుతున్నా..."

"ష్! మెల్లగా" అంటూ టీచరమ్మ కంగారుగా తలుపు వైపు చూసింది. "బయట మిగతా పిల్లలున్నారు. వింటే నా పరువు పోతుంది!"