అరిసెల బెల్లం

మొన్న చిలకలూరిపేటలో కొట్టతను బెల్లం దిమ్మని సుత్తితో కొడుతుంటే ఒక పెచ్చు ఎగిరి బల్ల మీద నా ముందు పడింది. "నోట్లో వేసుకోండి మేడమ్" అన్నాడు. షుగర్ ఉందని చెప్పి తప్పించుకున్నాను. నిజానికి నాకు అడ్డొచ్చింది షుగర్ కాదు, మా బాబాయి.

మా అమ్మకి ఆఖరి చెల్లెలు మా పిన్ని. నాకంటే నాలుగేళ్లే పెద్ద, పెత్తనం మాత్రం నలభై ఏళ్లు పెద్దదానంత. బాబాయి మార్టూరు దగ్గర గ్రానైట్ ఫ్యాక్టరీలో పలకల అంచులు నూరేవాడు. పత్తి తీతకి వెళ్లి పిన్ని జుట్టు నిండా దూదితో వస్తే, ఆయన కనురెప్పల మీద కూడా తెల్లటి రాతిపొడితో వచ్చేవాడు. "మీ బాబాయికి పౌడర్ కొనే పని లేదే" అని నవ్వేది పిన్ని. అక్కడి పనివాళ్లకి ఒక నమ్మకం ఉంది. డ్యూటీ దిగాక బెల్లం ముక్క తింటే గొంతులో చేరిన పొడి కడుపులోకి జారి బయటికి పోతుందని. మూతికి గుడ్డ కట్టుకోమంటే ఊపిరాడదని విప్పేసే మనిషి, బెల్లం ముక్క మాత్రం ఇరవై ఏళ్లలో ఒక్కరోజూ మానలేదు.

ఒక ఏడాది, నేను పాఠాలు చెప్పే స్కూలుకి క్రిస్మస్ సెలవులివ్వగానే వాళ్లింటికి వెళ్లాను. పిల్లలు లేరు, ఉన్నది ఇద్దరే. అయినా పండగ పనులు పెళ్లింట్లో లాగే సాగేవి. వెల్ల వేయడం, స్టార్ కట్టడం బాబాయి వంతు. పిండివంటలు పిన్నివి. రెండు గదులూ ఒక్క పూటలో పాటలు పాడుతూ సున్నం కొట్టేసే ఆయన, ఆసారి రోజుకొక గోడ కొట్టి స్టూలు మీద కూర్చుండిపోయేవాడు. పాట లేదు. ఏటా డాబా మీద వెదురు గడకి, మిరపచేలల్లోకి కనపడేట్టు ఎత్తున కట్టే స్టార్‌ని వసారా కొక్కేనికి తగిలించాడు. "కిందే బాగుంటది అమ్మాయ్, దగ్గరగా కనపడుద్ది" అన్నాడు. బాబాయికి వయసొచ్చిందని నేనూ పిన్నీ ఆటపట్టించాం. దగ్గొచ్చినప్పుడల్లా పెరట్లోకి వెళ్లి ఖాళీ బకెట్ కింద పెట్టి కొళాయి తిప్పేవాడు. నీళ్ల చప్పుడులో దగ్గు సగమే వినపడేది.

గుంటూరు వెళ్లి ఊపిరితిత్తుల ఫొటో తీయించుకోమని ఫ్యాక్టరీలో ఎవరో చెప్పారట. "పండగ వెళ్లనీ" అన్నాడట ఆయన. మామూలు దగ్గే, ఎప్పట్లాగే రోజుకో ముక్కతో సర్దుకుంటోందని చెప్పాడట. పిన్ని నమ్మింది. నేనూ నమ్మాను.

పండగ మూడు రోజులుందనగా తడిబియ్యం మర పట్టించుకొచ్చి, పాకానికని పిన్ని బెల్లం డబ్బా మూత తీసింది. ఐదు కిలోల అరిసెల బెల్లంలో అడుగున రెండు ముక్కలున్నాయి. చీమల్ని తిట్టింది, పక్కింటి పిల్లిని తిట్టింది. పిల్లి బెల్లం తినదని గుర్తొచ్చి నా వైపు తిరిగింది. "చిన్నప్పట్నుంచీ నీ చెయ్యి డబ్బాలోనేగా!" షుగర్ మాత్రలు మింగే నేను ఒట్టు పెట్టబోతుంటే, వసారాలో స్టార్‌కి బల్బు బిగిస్తున్న బాబాయి గుమ్మంలోకి వచ్చాడు.

"నేనే తిన్నానే."

"నువ్వు తినేది ఒక్క ముక్కేగా?"

"ఈమధ్య ముక్కతో దిగట్లేదు."

పొయ్యి మీద మూకుడు ఖాళీగా కాగుతోంది. పిన్ని అది దించి, పిండి మీద తడిగుడ్డ కప్పి, ఆ రెండు ముక్కలున్న డబ్బా తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టింది. "అరిసెలు లేవని యేసయ్య పుట్టడం మానేస్తాడా ఏంటి" అంది. నాకు భయమేసింది. నేను సైన్సు టీచర్ని. అన్నం దిగే దారి వేరు, ఊపిరి వెళ్లే దారి వేరని ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేదాన్ని. ఆ ఇంట్లో మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు. ఒళ్లు హూనం చేసుకునే మనిషికి ఆ కాస్త తీపీ ఎందుకు చేదు చెయ్యాలని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడాన్ని ఇప్పటికీ క్షమించుకోలేకపోతున్నాను.

క్రిస్మస్ పొద్దున పిన్ని ఆ పిండితోనే అట్లు పోసింది. చర్చిలో మొదటి పాట ఎప్పుడూ బాబాయిదే. లేచి నిలబడి ఒక చరణం పాడి కూర్చున్నాడు. మిగతాది పిన్ని అందుకుంది.

పండగయ్యాక గుంటూరు వెళ్లాం. డాక్టరు ఫొటోని వెలుతురుకి పెట్టి చూసి, ఆ పనిలో ఎన్నేళ్లుగా ఉన్నావని ఒక్కటే అడిగాడు. మిరప కోతలు అయిపోయేసరికి బాబాయి లేడు.

మరుసటి డిసెంబరులో పిన్ని అలవాటు కొద్దీ ఐదు కిలోలే తెప్పించింది. సెలవులకి నేను వెళ్లాక, అరిసెలు వండే రోజు మూత తీస్తే ఒక్క ముక్క తగ్గలేదు. ఆయన నిజంగా లేడని ఆ నిండు డబ్బా చూశాకే మా ఇద్దరికీ తెలిసింది.