శ్రీకాకుళంలో కొన్న బుర్ర

మర్నాడు పొద్దున్నే కళింగపట్నంలో ఒడ్డుకొచ్చే పడవలను ఫొటోలు తీద్దామని హైదరాబాదు నుంచి శ్రీకాకుళం వెళ్లాను. బస్సు దిగి చూసుకుంటే మోనోపాడ్ మీద కెమెరాను పట్టి ఉంచే హెడ్ విరిగిపోయి ఉంది. మోనోపాడ్ అంటే ఒంటికాలి స్టాండు. అది లేకపోతే నా బరువైన లెన్సును పొద్దంతా చేతులతో మోయాలి. ఆ బెంగతోనే కెమెరాల షాపు వెతుక్కుంటూ వెళ్లాను.

షాపాయన స్టాండును అటూ ఇటూ తిప్పి చూశాడు. "కాలు బాగానే ఉన్నాదమ్మా. మీకు బుర్రే లేదు," అన్నాడు.

నాకు చురుక్కుమంది. "ఏమన్నారూ?" అన్నాను కాస్త గట్టిగానే. ఆయన తాపీగా రెండు హెడ్‌లు బల్ల మీద పెట్టి, "ఇందులో ఏ బుర్ర కావాలి?" అని అడిగాక గానీ నాకు విషయం అర్థం కాలేదు. ఇక నవ్వాగలేదు.

మొదటిది బంతిలా అన్ని వైపులా తిరిగేది. కెమెరా బిగించి కాస్త వదులు చేయగానే పక్కకి వాలిపోయింది.

"తాగినోడి బుర్రలాగ తూలిపోతన్నాది సూడండి," అన్నాడాయన.

రెండోది కిందికీ పైకీ మాత్రమే వంగుతుంది.

"ఇదైతే ఏటి సెప్పినా ఔనంటాది."

పక్కకి తిప్పాలంటే స్టాండు కర్రనే తిప్పుకోవచ్చు కదా అని, ఆ ఔననేదాన్నే తీసుకున్నాను.

సంబరంగా బయటికొచ్చి ఆటో ఎక్కుతుంటే వెనక నుంచి పెద్ద కేక.

"అమ్మా! కర్ర అట్టుకెళ్లిపోతన్నారు, బుర్ర ఇక్కడే మర్సిపోనారు!"

ఆటోలో ఉన్నవాళ్లంతా నా తల వంక చూశారు. నేనూ ముందు తలే తడుముకున్నాను.