మిలుటిన్ మావయ్య బిగించిన రెక్కలు

మా అమ్మకి ఒక్కడే అన్న, మిలుటిన్. బెల్‌గ్రేడ్‌లో విమానాల ఫ్యాక్టరీలో ఫిట్టరు. భోజనానికి కూర్చున్నా రెక్కల కబుర్లే. "ఆ రెక్కలేవో నాకు బిగించినా బాగుండు, మా పుట్టింటికి ఎగిరిపోయేదాన్ని" అని మా అత్తయ్య ఝివానా దెప్పేది.

మావయ్య రెక్కలు బిగించే కొత్త ఫైటర్ విమానాన్ని ఇద్దరు ఇంజనీర్లు సెలవురోజుల్లో, పైవాళ్ళకి తెలియకుండా గీశారట. ఇంత చిన్న దేశానికి సొంత ఫైటరేమిటని నవ్వుతారని భయం. మొదటిదాని రెక్కలమీద ఇసుక బస్తాలు పేర్చి పరీక్షించిన రోజు మావయ్య ముద్ద ముట్టలేదు. రెక్క నిలిచింది. కొన్ని నెలలకి ఆ విమానమే నిట్టనిలువునా దిగుతూ మళ్ళీ పైకి లేవలేకపోయింది. నడిపినవాడు పోయాడు. తప్పు రెక్కది కాదని విచారణలో తేల్చారు. మావయ్య మనసుకి మాత్రం తేలలేదు.

తర్వాత పన్నెండు కట్టారు. ఒక్కోటి గేటు దాటుతుంటే మావయ్య వెనకాలే నడిచేవాడు.

"ఏం మిలుటిన్, కూతుర్ని అత్తారింటికి పంపుతున్నావా? కళ్ళు తుడుచుకో!" అని తోటివాళ్ళు ఏడిపించేవాళ్ళు.

"మీ చేతుల్లో పెట్టేకంటే అత్తారిల్లే నయం" అనేవాడు.

ఇంజన్లు చెక్ దేశంనుంచి వచ్చేవి. పంతొమ్మిదివందల ముప్ఫైతొమ్మిదిలో ఆ దేశం జర్మన్ల గుప్పిట్లోకి పోయింది. ఇక చిన్న గొట్టం పాడైనా, ఎవరు మీదపడతారని భయమో వాళ్ళనే అడుక్కోవాలి. నలభైఒకటి వసంతానికి పన్నెండింట్లో ఎగరగలిగినవి ఆరే. వాటిని చూసుకోమని మావయ్యని నది పక్కనున్న జెమూన్ విమానాల మైదానానికి పంపారు.

ఏప్రిల్ ఆరు, ఆదివారం. తెల్లారిన కాసేపటికే సైరన్లు మోగాయి. మొమ్‌చిలో అని ఓ సార్జెంటు, ఇంకా మీసం సరిగా రాని పైలట్, విమానంలో కూర్చుని అరిచాడు:

"బాబాయ్, తలమీది అద్దం మూత ఇరుక్కుంటోంది! తెరుచుకోకపోతే దూకలేను!"

మావయ్య రెండుసార్లు అటూ ఇటూ లాగి చూశాడు. పక్కనే కెప్టెన్ గ్రూజిచ్ "ఇంకా కదలవేంరా!" అని కేకలు. పైన జర్మన్ విమానాలు ఆకాశం నల్లబడేంతగా వస్తున్నాయి.

"వచ్చాక చూస్తాను. వెళ్ళిరా నాయనా."

మొమ్‌చిలో తిరిగి రాలేదు. మంటల్లో పడిపోవడం నదికి అవతల జనం చూశారు. పారాచూట్ కనబడలేదన్నారు. మూత తెరుచుకుందో లేదో చెప్పగలిగినవాడు లేడు.

తిరిగొచ్చినవాటికి చిల్లులు లెక్కపెట్టే తీరిక కూడా లేదు. మావయ్య చిల్లులమీద గుడ్డ అతికించేవాడు, రంగు ఆరకముందే అవి లేచేవి. అయిదోరోజుకి మూడు మిగిలాయి. వాటిని పడమటి పొలాల్లోకి తరలించారు. అక్కడ వాన పట్టుకుంది. బురదలో చక్రాలు ఇరుసుదాకా దిగబడ్డాయి. శత్రువు ట్యాంకులు పక్క ఊరికొచ్చేశాయని కబురు.

గ్రూజిచ్ వచ్చి మావయ్య ముఖంలోకి చూడకుండా చెప్పాడు.

"తగలబెట్టాలి."

"రెండుగంటలివ్వండి కెప్టెన్‌గారూ. ఎద్దుల్ని కట్టి గట్టుమీదికి లాగుదాం."

"లాగి? ఏ ఊరికి ఎగురుతాం? మన ఊళ్ళేం మిగిలాయి?"

మావయ్య పనిముట్ల పెట్టె తెచ్చుకున్నాడు. పెట్రోలు గొట్టం ఎక్కడ విప్పాలో తెలిసినవాడు అతనొక్కడే కాబట్టి తనే విప్పాడు. ఒంటికి కప్పిన గుడ్డ తడిసిపోయి మూడోది ఎంతకీ అంటుకోలేదు. మూడుసార్లు నిప్పు పెట్టాల్సి వచ్చింది.

నాలుగురోజులు నడిచి మా ఇంటికొచ్చాడు. అమ్మ చిక్కుడుగింజల పులుసు పెడితే గిన్నె ముందు అలాగే కూర్చున్నాడు.

ఆ వేసవిలో ఆ పైలట్ మొమ్‌చిలో తల్లి మావయ్యని వెతుక్కుంటూ వచ్చింది.

"మావాడు చివరిసారి మాట్లాడింది మీతోనేనట. ఏమన్నాడయ్యా?"

"వెళ్ళొస్తానన్నాడమ్మా" అన్నాడు మావయ్య. ఆవిడ అతని చేతులు రెండూ పట్టుకుని చాలాసేపు కూర్చుంది. అతను చేతులు లాక్కోలేదు. లాక్కోవాలని ఉన్నట్టు ముఖం చూస్తే తెలిసిపోయింది.

కొన్నాళ్ళకే జర్మన్లు పాత ఫిట్టర్ల జాబితా తీసి పనికి పిలిచారు. అత్తయ్య గుమ్మానికి అడ్డం నిలబడింది.

"పోవద్దు. మన ఊరిని కూల్చినవాళ్ళ రెక్కలకి మరలు బిగిస్తావా?"

"నేను పోకపోతే వాళ్ళే వస్తారు ఝివానా. వస్తే నా ఒక్కడితో ఆగరు."

మూడేళ్ళు బిగించాడు.

యుద్ధం అయిపోయాక మన ప్రభుత్వంవాళ్ళే పట్టుకెళ్ళి మూడువారాలు ప్రశ్నించారు. ఆ విచారణ ఆఫీసులో గుమాస్తాగా ఉన్న మా నాన్న స్నేహితుడు తర్వాత మాకు చెప్పాడు.

"శత్రువుకి ఎందుకు పనిచేశావు?"

"పిలిచారు."

"మన విమానాలెందుకు తగలబెట్టావు?"

"చెప్పారు."

"నువ్వుగా నువ్వు చేసిందేమిటయ్యా మరి?"

 మంచినీళ్ళు అడిగి తాగాడట. గ్లాసు తిరిగిచ్చేశాడట, అంతే.

శిక్ష వెయ్యలేదు, ఫ్యాక్టరీలోకీ రానివ్వలేదు. ట్రాముల డిపోలో బ్రేకులు బిగించే పని దొరికింది. పదకొండేళ్ళు అదే చేసి, ఓ ఫిబ్రవరిలో ఊపిరితిత్తులు చెడి పోయాడు. అంత్యక్రియలకి డిపోవాళ్ళు ఆరుగురు వచ్చారు. ఫ్యాక్టరీనుంచి ఎవరూ రాలేదు.