అల్లుడిచ్చిన ఫోనూ, మాంగో వంతెనా

పోయిన వారం మా ఊళ్ళో సాక్చి బజారులో ఒక మొబైల్ దుకాణంలో మా బావ, అంటే మా అక్క భర్త, ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడుగుతుంటే నాకు ఓపిక నశించింది. "కిసీ భీ కంపెనీకా సిమ్ చలేగా నా?" అని, అంటే ఏ కంపెనీ సిమ్మైనా పనిచేస్తుంది కదా అని ఆయన, "చలేగా అంకుల్" అని కౌంటరు వెనకున్న అమ్మాయి. ఒకే కంపెనీకి కట్టిపడేసే ఫోను ఊరికే ఇచ్చినా పుచ్చుకోనని ఆయన ఉపన్యాసం మొదలుపెట్టేసరికి, ఈ మాట అనే హక్కు లోకంలో ఎవరికైనా ఉందేమోగాని మా బావకు మాత్రం లేదనిపించింది.

సెల్‌ఫోన్లు మనబోటి వాళ్ళ ఇళ్ళలోకి కొత్తగా వస్తున్న రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. ఫోనూ కనెక్షనూ కలిపి చవగ్గా ఇచ్చే కంపెనీ ఒకటుండేది. ఆ ఫోనులో ఇంకెవరి సిమ్ వేసినా పలికేది కాదు. తమలో తాము మాట్లాడుకుంటే ఖర్చుండదన్న ఆశతో చుట్టాలంతా కట్టగట్టుకుని అందులోనే చేరేవారు. ఊరి పక్కనే ఆదిత్యపూర్‌లో పనిచేసే మా బావ, అక్కడ సిగ్నల్ బ్రహ్మాండంగా ఉందని, ఒక ఫోను అమ్మకూ ఇంకొకటి పలాసలో ఉండే పిన్నికీ కొనిచ్చాడు. మా ఇల్లేమో నదికి ఇవతల, మాంగో అనే పేటలో. సువర్ణరేఖ నది మీది వంతెన దాటి మా వైపుకి వచ్చేసరికి ఆ సిగ్నల్ చచ్చిపోయేది.

కంపెనీ మారాలంటే ఫోనే మార్చాలి, ఫోను మార్చాలంటే అల్లుడికి చెప్పాలి. రైల్వేలో పెద్ద పెద్ద అధికారులతో వాదించి రిటైరైన నాన్నకు కూడా, అల్లుడు ముచ్చటపడి తెచ్చిన వస్తువు పనికిరాలేదని చెప్పడానికి నోరు రాలేదు. ఊళ్ళోవాళ్ళ ఫిర్యాదులన్నీ పత్రికలో రాసే నేను ఇంట్లో ఫిర్యాదు మింగి కూర్చున్నాను. అమ్మ మాత్రం మోకాళ్ళ నొప్పులతోనే ప్రతి సాయంత్రం వంతెన మధ్యదాకా నడిచి, రెయిలింగ్ పట్టుకుని, లారీల మోతలో గొంతు చించుకుని పిన్నితో మాట్లాడి వచ్చేది. "మౌసీ, ఆజ్ టవర్ మిలా క్యా?" అని, ఇవాళ సిగ్నల్ దొరికిందా అని ఆటోవాళ్ళు వేళాకోళమాడుతూ పోయేవారు. బావ వచ్చి ఫోనెలా ఉందని అడిగితే, "బాగా పలుకుతంది బాబూ, లోటేటీ లేదు" అనేది. ఆ మాటకు మురిసిపోయి ఆయన నాన్నకూ అలాంటిదే తెచ్చిపెట్టాడు.

ఒక వానాకాలంలో పిన్నికి విశాఖలో గుండె ఆపరేషన్ నిశ్చయమైంది. లోపలికి తీసుకెళ్ళే ముందు ఒక్కసారి తన అప్ప, అంటే మా అమ్మ, గొంతు వినాలని ఆమె కోరిక. తీరా ఆ రోజు నది పొంగి, పోలీసులు వంతెన మీదికి ఎవరినీ పోనివ్వలేదు. అమ్మ వాళ్ళను బతిమాలి బతిమాలి, తడిసి ముద్దై, పలకని ఫోను గుప్పిట్లో పట్టుకుని తిరిగొచ్చింది. పక్కింటి ఒడియా ఆవిడ చూసి, వేరే కంపెనీదైన తన ఫోను తెచ్చి చేతిలో పెట్టింది. అల్లుడికి తెలిస్తేనో అని అమ్మ ఆ క్షణంలో కూడా జంకింది. చివరికి మంచం మీద కూర్చుని పిన్నికి ఫోన్ చేస్తే, ఆమె అడిగిన మొదటి మాట, "ఇంత బాగా వినిపిత్తందేటే అప్పా? వంతెన మీద లేవా?"

పిన్ని కోలుకుంది. నది తగ్గగానే అమ్మ మళ్ళీ ఆ ఫోనే పట్టుకుని వంతెనెక్కింది. ఏమనగలం!

దుకాణం నుంచి తిరిగి వస్తుంటే, ఆటో సరిగ్గా వంతెన మధ్యకు రాగానే బావ చెయ్యి చూపించాడు. "అత్త ఇక్కడే కదోయ్ నిలబడేది." ఆ సంగతి ఆయనకెలా తెలుసని అడిగాను. స్కూటర్ మీద మా ఇంటికి వస్తూ ఎన్నోసార్లు చూశాడట. మరి అడగలేదేమని కసిరాను.

"బాగుందని ఆవిడే అన్నాది కదా. నేను చూసీసానంటే చిన్నబోదేటి?"

ఇప్పటి పిల్లలు నచ్చని ఫోనును మర్నాడే తిప్పి పంపేస్తారు, ఇచ్చినవాడి మొహం మీదే వద్దంటారు. అది మర్యాద కాదని సణుక్కునేవాడిని. అమ్మ మోకాళ్ళు తలచుకుంటే ఇప్పుడు సణగబుద్ధి కావడం లేదు. అమ్మా లేదు, పిన్నీ లేదు. వంతెన మీద సిగ్నల్ కోసం నిలబడేవాళ్ళూ లేరు. బావ కొత్త ఫోను తీసి, వచ్చేస్తున్నామని అక్కకు చెప్పడం మొదలుపెట్టాడు. వంతెన దిగి మా వీధిలోకి మళ్ళేదాకా ఆ మాట ఒక్కసారి కూడా తెగలేదు.