పొయ్యి తలుపుకి అలుకు

మా మామ్మ లెక్కలో గ్యాసు పొయ్యి మీద వండింది అన్నమే కాదు. ఆ నీలం మంట మీద ఉడికిన పప్పు తింటే కడుపుబ్బరం ఖాయమని ఆవిడ నమ్మకం. బందరులో మా ఇంటికి గ్యాసు వచ్చాక కూడా, పెరటి వరండాలో కట్టెల పొయ్యి మీద మడి కట్టుకుని తన వంట తనే వండుకునేది. వండుతున్నంతసేపూ దగ్గుతూనే ఉండేది. డాక్టరు పొగ దగ్గరికి వెళ్లొద్దన్నాడు. వంట మానేయమనడానికి ఆయనెవరని మామ్మకి కోపం వచ్చింది.

నాన్న గుడివాడలో లెక్కల మాస్టారు. రోజూ బస్సులో వెళ్లొచ్చేవాడు. వెల్డింగ్ షాపులో దగ్గరుండి మరీ మామ్మ కోసం ఓ ఇనప పొయ్యి చేయించాడు. దానికి ముందు తలుపు, వెనక పొగగొట్టం. కట్టెలు పెట్టి తలుపు మూస్తే పొగంతా గొట్టంలోంచి పోవాలి. అది మాత్రం తలుపు సందుల్లోంచి వచ్చి మామ్మ మొహానికే కొట్టేది.

సైకిల్ ట్యూబు కోసి తలుపు చుట్టూ అతికించాడు నాన్న. రబ్బరు కాలిన కంపుకి పక్కింటివాళ్లు ఏం తగలబడిందోనని గోడ మీంచి తొంగి చూశారు. మామ్మ ఆ పూట అరటిపండు తిని పడుకుంది.

"ఇంకోసారి చూస్తానమ్మా. కుదరకపోతే ఇక గ్యాసే," అన్నాడు నాన్న.

"పళ్లూ పాలతో బతుకుతాన్లే," అంది మామ్మ.

అన్నంత పనీ చేసే మనిషి. నాకు నిజంగానే భయం వేసింది.

ఈసారి గుడివాడ రైసు మిల్లు నుంచి బాయిలర్ తలుపుకి చుట్టే తాడు ముక్క తెచ్చాడు. మంటకి కాలదట. దాన్ని తలుపు చుట్టూ ఉన్న గాడిలో కూర్చి, తన బస్సు టిక్కెట్టు మధ్యలో పెట్టి తలుపు మూసి లాగాడు. రాలేదు. అంటే సందు లేనట్టే. నాన్న మొహం వెలిగిపోయింది. మర్నాడు మళ్లీ పొగ. టిక్కెట్టు పెడితే జారుకుంటూ వచ్చేసింది. సాయంత్రం ఈయన బిగించడం, పొద్దున్నకల్లా అది వదులైపోవడం. నాన్న వెల్డింగ్ అతన్ని తిట్టాడు, మిల్లునీ తిట్టాడు, చివరికి బందరు ఉప్పుగాలిని కూడా వదల్లేదు.

కాలేజీకి సెలవైన ఓ పొద్దున్న పెరట్లో పళ్లు తోముకుంటూ అసలు సంగతి చూశాను. మామ్మ తడిచీరతో వచ్చి పొయ్యి మీద చెంబుడు నీళ్లు కుమ్మరించి, తలుపు తీసి, తాడుని కొబ్బరిపీచుతో బరబరా తోమింది. ఎవరెవరు తొక్కిన మిల్లు తాడో ఏమో, మడి పొయ్యికి పనికొస్తుందా మరి. ఆ తర్వాత ఎప్పట్లాగే పొయ్యి చుట్టూ ఎర్రమట్టితో అలికి ముగ్గు పెట్టింది. తడిసిన తాడు గాడిలోంచి ఊడి వేలాడుతోంది.

నాన్నకి చెప్పాను.

"దాన్ని కడక్కమ్మా," అన్నాడు.

"కడగని పొయ్యి మీద వండమంటావట్రా?"

ఇద్దరూ మొండిఘటాలే. కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడ్డ అమ్మ ఇద్దరినీ కాసేపు చూసింది.

"అత్తయ్యగారూ, ఎలాగూ రోజూ అలుకుతారుగా. ఆ మట్టేదో గాడిలో పెట్టేయండి. తాడెందుకు?"

మామ్మ మట్టిలో ఊక కలిపి గాడి నిండా మెత్తింది. అంటుకోకుండా తలుపు అంచుకి బూడిద రాసి, నొక్కి మూసి, మెల్లగా తీసింది. మట్టి మీద తలుపు అంచు అచ్చు పడింది. అది ఆరాక నాన్న టిక్కెట్టు పెట్టి లాగితే చిరిగి సగమే చేతికొచ్చింది.

"మిగతా సగం అందులోనే కాలనీ," అని మామ్మ పొయ్యి వెలిగించింది. మట్టి ఎక్కడైనా బీటలిస్తే, ఆ తర్వాత రోజూ అలుకుతో పాటే పూసేసేది.

ఆ మొదటి పూట అమ్మా నేనూ వంటింట్లో ఉన్నాం. వరండాలోంచి దగ్గు వినపడలేదు. అమ్మ గ్యాసు తగ్గించి, వినమని నాకు సైగ చేసింది. మామ్మ పాడుకుంటోంది. కాపరానికి వచ్చాక ఆవిడ పాట వినడం అమ్మకి అదే మొదటిసారి.

"గొంతు బాగానే ఉందే," అంది అమ్మ.