మూల దగ్గర ఆగిన హంస

“ఆటలో ఆ హంస వెనక్కి నడిచేది నా ఇష్టం కొద్దీ కాదన్నా. నా చేతులు అట్ల నేర్చుకోనుండాయి. చేతులకు ఏం సెప్పేది?” అంటూ దామోదరం క్యాసెట్‌ను టేప్‌రికార్డరులోకి తోసి మీట నొక్కాడు. “ఇంక గమ్మునుండు. అది పాడేదాకా మనం మాట్లాడుకోవచ్చు గానీ బల్ల మాత్రం కదిలించొద్దు.”

“గమ్మునుండమంటావు, మాట్లాడమంటావు. ఏదో ఒకటి సెప్పబ్బా,” అన్నాడు వరదయ్య.

“నువ్వు గమ్మునుండు. నేను మాట్లాడతా.”

వరదయ్య నవ్వి బెంచీ మీద వెనక్కి ఆనుకున్నాడు. చిత్తూరులో రేడియోలూ టేప్‌రికార్డర్లూ బాగుచేసే అంగడి ఆయనది. ఆ పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. విప్పి చూసి, పాడుచేసి, మళ్ళీ బిగించి నేర్చుకున్నాడు. సామాన్ల కోసం తిరుపతికి వచ్చినప్పుడల్లా బస్టాండు వెనక సందులో దామోదరం నడిపే ఆటల అంగట్లో కాసేపు కూర్చోనిదే ఆయనకు వచ్చినట్టుండదు. ఈసారి దామోదరానిదే ఒక టేప్‌రికార్డరు బాగుచేసి తెచ్చాడు. ఇది ఇచ్చేసి, సాయంత్రం బస్సుకు నగరిలో ఉన్న అక్క ఇంటికి పోవాలి.

టేప్‌రికార్డరు పలకకపోతే ఈ అంగట్లో కంప్యూటరు కూడా పలకదు. టీవీకి తగిలించిన ఆ చిన్న యంత్రానికి జ్ఞాపకం కరెంటు ఉన్నంతసేపే. ఆటలన్నీ క్యాసెట్లలో శబ్దాలుగా నిద్రపోతుంటాయి. ప్రతి ఉదయం వాటిని పాడించి లేపాలి.

పాట అనడానికి లేదు. సన్నటి కీచు, దాని వెనక గరగర, ఎక్కడో చాలా దూరంలో రేకుల మీద వాన పడుతున్నట్టు ఒక వరస. కొత్తవాళ్ళు చెవులు మూసుకుంటారు. వరదయ్యకు మాత్రం అది వింటుంటే కనురెప్పలు బరువెక్కుతాయి. తెర మీద చారలు ఒకదాని వెంట ఒకటి పైకి పాకుతుంటాయి, కనిపించని మనిషెవరో కూర్చుని నూలు పరుస్తున్నట్టు.

బెంచీ ఆ చివర కొండ దిగి వచ్చిన ఒక కుటుంబం కూర్చుని ఉంది. అందరివీ నున్నటి గుండ్లు, వాటి మీద ఆరిపోతున్న గంధం. బస్సుకు ఇంకా టైముంది. తెర వెలుతురు ఆ గుండ్ల మీద పడి, చెరువులో చంద్రుడు ముక్కలైనట్టు వణుకుతోంది.

“ఇదేం పూజ స్వామీ?” అని అడిగాడు పెద్ద గుండాయన.

“ఆట లోపలికి పోతా ఉండాదయ్యా. రవ్వంత ఓపిక పట్టు. కొండ మీద క్యూలో ఎంతసేపు నిలబడితివి? ఈడ బెంచీ గూడా ఉండాది.”

వరదయ్య బెంచీ మీద చెయ్యి వేసి తట్టాడు. “మిషను కన్నా ఈ బెంచీ మీదే నీకు ప్రేమ జాస్తి.”

“ఉండదా మరి? ఆటల అంగడికి ముందు కావల్సింది బెంచీ అన్నా. స్టేషను పక్కన ఒకడు పెట్టినాడు సూడు, కిటికీలకు నల్లగుడ్డలు కట్టి. లోపలికి పోతే పక్కనోడి మొగం తెలీదు. అన్నీ కాల్చేవే, పేల్చేవే. ఒకడు ఆడతాడు, వాడి వెనక ఎవురూ ఉండరు. ఓడిపోతే వాడొక్కడే ఓడిపోతాడు. అది ఆట యాడన్నా, జరం గానీ. ఆడేవోడు ఒకడైతే సలహా సెప్పేవోళ్ళు పదిమంది ఉండాల. ‘ఎడమకు పో, ఎడమకు’ అని అరిసేవోడు లేకుంటే ఆడేవోడికి చేతులు రావు. అట్ల అరిసినోడు గూడా ఆడినట్టే. వాడు ఇంటికి పోయి నేనే గెలిసినా అని సెప్పుకుంటాడు. సెప్పుకోనీ.”

అంతలో ఫ్యాను నెమ్మదించింది. తెర ఒక చుక్కగా ముడుచుకుని ఆరిపోయింది. క్యాసెట్ పాట సాగి, మూలిగి, ఆగింది. సందులో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోతున్నది వినబడింది.

“పాయె,” అన్నాడు దామోదరం తాపీగా.

“అంతా పోయినట్టేనా?”

“లోపలికి పోయినంత పోయింది. క్యాసెట్లో ఉండేది యాటికీ పోదు. కరెంటు వస్తే మళ్ళీ మొదట్నుంచి. ఈ పని తొందర ఉండేవోడికి పనికిరాదన్నా.”

అంగడి వెనక గది వాళ్ళ ఇల్లు. మధ్యన వేలాడే తెర తొలగించుకుని దామోదరం భార్య ప్రసూనాంబ మజ్జిగ గ్లాసులు తెచ్చింది. ఆమెదీ దామోదరం లాగే నగరి, వాళ్ళదీ నేత ఇల్లే.

“తాగన్నా,” అంది వరదయ్యతో. “పెళ్ళి సూపులప్పుడు పిల్లోడికి మద్రాసులో టీవీ అంగట్లో పని అనిరి. టీవీ లోపల కాపురమని ఎవురూ సెప్పలా.”

“లోపల నీకు గూడా చోటు చేస్తానంటి గదా,” అన్నాడు దామోదరం.

“నాకొద్దు నాయనా. కరెంటు పోతే నేనూ పోతాను.”

గుండ్లన్నీ ఒకేసారి నవ్వాయి. దామోదరం కూడా నవ్వాడు. వీధిలో వాళ్ళు అతన్ని చెడిపోయినవాడని అనరు గానీ, బాగుపడ్డాడని కూడా అనరు. పెళ్ళిళ్ళకు పోతే ఆకు ముందు కూర్చుని వేళ్ళతో గళ్ళు గీస్తుంటాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో తప్పిపోతాడు, పిలిస్తే ఎక్కడి నుంచో వస్తాడు. వరదయ్యకు అతనిలో నచ్చేది అదే. తనూ అట్లాంటివాడే కాబట్టి, అతను తిరిగి వచ్చేదాకా కాచుకోవడం తెలుసు.

“అందురూ మిషను, మిషను అంటారు,” అన్నాడు దామోదరం చీకటి తెర వైపు చూస్తూ. “మిషనుకు ఏం తెల్సన్నా? అది మగ్గం మాదిరి. మగ్గం పైన అట్టలు తిరగతా ఉంటాయి సూడు, సిల్లులు పొడిసినవి. సిల్లు ఉండే కాడ పోగు లేస్తాది. లేని కాడ గమ్మునుంటాది. సాఫ్ట్‌వేర్ అంటే ఆ అట్టలే. అట్టలు మార్చు, అదే మగ్గం మీద మామిడి పిందె పోయి హంస వస్తాది. పుస్తకంలో ఉండేది ఎత్తి రాసేవోళ్ళు ఇప్పుడు నిండా మంది ఉండారు. రాసినాక అది ఎందుకట్ల తిరగతా ఉండాదో అని కూర్చోని సూసేవోళ్ళు తక్కువ. నన్నడిగితే మంచి ప్రోగ్రాముకు ఒకటే గుర్తు. అడుగున ఎన్ని ముళ్ళన్నా ఉండనీ, పైన ఒక్కటి గూడా కనపడగూడదు.”

“ఆ మాట ఎవురు సెప్పినారు నీకు?”

దామోదరం మజ్జిగ తాగాడు. “మా నాయన. సీరల గురించి సెప్పినాడు.”

నాయన మునివెంకటప్ప పట్టుచీరల అంచులకు పేరుపడ్డ మనిషి. ఆయన నేసే హంసల అంచు కోసం చిత్తూరు నుంచి కూడా వచ్చేవాళ్ళు. గళ్ళ కాగితం మీద గీసిన హంసను ఆయన గడి గడిగా పైకి చదువుతుంటే, దామోదరం అట్టల మీద చిల్లులు పొడిచేవాడు. “రెండు పట్టు, ఒకటి విడు, మూడు పట్టు, రెండు విడు.” చదవడం కూడా కాదు, ఒక రాగం. తప్పు దొర్లకుండా ఉండడానికి ఆ ఇంట్లో తరతరాలుగా అట్లా పాడుతూనే చదువుతారు. ఆ తరువాత ఊళ్ళో కరెంటు మగ్గాలు వచ్చాయి, దామోదరం మద్రాసు పోయాడు. అక్కడ అంగట్లో ఎవరూ ముట్టని ఒక చిన్న కంప్యూటరు, దాని పుస్తకం, పక్కన ఒక డిక్షనరీ. పుస్తకంలో బొమ్మలు గీసే పాఠం తీస్తే మొదటి పేజీలోనే గళ్ళ కాగితం కనబడింది. గడి నింపితే వెలుగు, వదిలితే చీకటి. ఆ రోజు అతను అన్నం తినడం మరిచిపోయాడు.

కరెంటు వచ్చింది. క్యాసెట్ మొదటికి తిరిగింది. మళ్ళీ కీచు, మళ్ళీ దూరపు వాన. వరదయ్య ఈసారి నిజంగానే కళ్ళు మూసుకున్నాడు. ఆ గరగరలో మగ్గం పలక కదిలే చప్పుడు, నాడె అటూ ఇటూ పోయే చప్పుడు ఉన్నట్టే అనిపించింది. కళ్ళు తెరిచేసరికి తెర మీద ఒక సన్నటి అంచు, దాని మీద తెల్లటి హంస.

పెద్ద గుండాయన మీటల ముందు కూర్చున్నాడు. హంస కదిలింది. ముక్కు ఒక వైపు, నడక ఇంకో వైపు. తోక ముందు పెట్టుకుని, వచ్చిన దారినే చూస్తూ, మెల్లగా వెనక్కి పోతోంది. బెంచీ అంతా ఘొల్లుమంది.

“ఇదేమబ్బా, అత్తగారింటికి పోయే కొత్త పెళ్ళికూతురి మాదిరి వెనక్కే సూస్తా ఉండాది?”

“పూల తీగ వస్తాది, ఎగరనీ, ఎగరనీ.”

“కనపడకుండా యాడికని ఎగరేది?”

“నేను సెప్తా గదా, ఇప్పుడు.”

హంస ఎగిరింది. తీగలు దాటింది, చుక్కలు దాటింది. ముందేముందో దానికి తెలియదు, చూసేవాళ్ళకే తెలుసు. అందుకే ఈ ఆటకు అందరూ అరవాలి. దామోదరం తెర చూడడం లేదు, అరిచే మొహాలు చూస్తున్నాడు. అంచు చివరికి వచ్చింది. అక్కడ చీర మూల తిరగాలి. హంస ఆ మూల దగ్గర ఆగి, మెడ కొంచెం ఎత్తి, నిలబడిపోయింది.

“ఏమి స్వామీ, నిలబడిపోయె?”

“అంతేనయ్యా. ఆడికి అయిపోయింది.”

వాళ్ళు కాసేపు హంసను చూసి, బస్సు గుర్తొచ్చి, మూటలు సర్దుకుని లేచారు. గెలిచామా ఓడామా అని వాదించుకుంటూ సందు మలుపు తిరిగారు.

“పోయినసారీ ఇట్లనే నిలబడింది,” అన్నాడు వరదయ్య. “ఎందుకు దాన్ని ఆడనే ఆపినావు?”

దామోదరం తువ్వాలుతో తెర మీది దుమ్ము తుడిచాడు. వరదయ్య తొందరపెట్టలేదు.

“పోయిన యాడాది నాయన వచ్చినాడన్నా. అప్పటికే ఆయన కంటికి పొర. నీ హంస ఈడుండాది సూడు నాయనా అని తెరకు ఆనించినట్టు కూర్చోబెట్టినా. నాకప్పటికి తెలీదు, అది ఎందుకు వెనక్కి పోతా ఉండాదో. లెక్క తప్పినానేమో అనుకుంటా ఉంటి. ఆయన సూసినాడు. ‘ఇది అడుగు పక్క’ అన్న్యాడు.”

“అడుగు పక్క అంటే?”

“మా మగ్గం మీద సీర బోర్లా పండుకోనే నేస్తామన్నా. పై పక్క నేల తట్టు, అడుగు పక్క మన మొగం తట్టు. సిన్నప్పటి నుంచి నేను సూసింది ఆ అడుగు హంసనే. చేతులకు తెల్సింది అదే. లోపల గూడా అదే రాసినా, ఎడమది కుడికి. నడక మాత్రం పై పక్క హంసదే పెట్టినా.” అతను తెర మీది హంసను వేలితో తాకాడు. “నేతోళ్ళ ఇండ్లలో ఒకటుండాది. గిరాకీకి సీర ఎట్ల పరిసినా అడుగు పక్క సూపించరు. తిప్పి సూడబోతే చెయ్యి పట్టుకోని ఆపుతారు. నాయన లేచి నిలబడి, ‘ఊరంతటికీ నా అడుగు పక్క పరిసినావు గదరా’ అన్న్యాడు. నీళ్ళు గూడా తాగకుండా బస్సెక్కినాడు. అంతే, మళ్ళీ మాట లేదు.”

“హంసను సరిగ్గా తిప్పేస్తే సరిపోయేది గదా?”

“తిప్పినా. ఒకనాడు తిప్పి పెట్టినా. ముందు తట్టు సూసుకుంటా పోయె. బెంచీ మీద ఒక్కరూ నోరు తెరవలా. అరిసేదానికి ఏముండాది, అదే సూసుకుంటాది గదా. మళ్ళీ వెనక్కి పెట్టినా.” అతని గొంతు మెల్లగా కలలోకి పోతున్నట్టు సన్నబడింది. “ఇప్పుడు నా ఆలోచన ఏమంటే, అంచంతా అది వెనక్కే పోనీ. మూల కాడ సీర తిరగబడాల. అడుగు పక్క పైకొచ్చి, హంస మొట్టమొదట తన ముందు ఏముండాదో సూడాల. అరిసి అరిసి దాన్ని ఆడిదాకా తెచ్చినోళ్ళంతా అప్పుడు గమ్మునైపోవాల.”

వరదయ్యకు ఒక్క క్షణం ఆ తెర నిజంగానే బరువైన పట్టులా మడతపడి తిరగబడుతున్నట్టు కనిపించింది. “మరి చెయ్యి. ఏం అడ్డం?”

“మూల కాడ అంచు ఎట్ల తిరగాలో ఆ గళ్ళు నాకు రావన్నా. అంచు నాకు సదివినాడు. మూల మాత్రం ఎవురికీ సదవలా, తనే పొడుసుకున్నాడు. ఆ అట్టలన్నీ గాలివానకు కప్పు కారి ముద్దయిపాయె. కాగితాలూ అంతే. ఇప్పుడు ఆ మూల ఉండేది ఆయన నోట్లోనే. కండ్లు పోతా ఉండాయి. రేపు మతిమరుపు వస్తే ఇంక యాడ ఎతికేది?”

“నువ్వు పోయి అడుగు.”

“నేను పోతే తలుపు తీస్తాడు, కూర్చోమంటాడు, మూల గురించి అడిగితే మగ్గం అమ్మేసినా అంటాడు. అంతే.”

దామోదరం లేచి కంప్యూటరు తీగ పీకాడు. తెర మీది హంస చుక్కై ఆరిపోయింది. టేప్‌రికార్డరును తువ్వాలులో చుట్టి, దాని మీద ఒక ఖాళీ క్యాసెట్ పెట్టి వరదయ్య ఒళ్ళో ఉంచాడు.

“ఇదేందబ్బా? ఇప్పుడే గదా తెచ్చి ఇచ్చింది. ఇది లేకుంటే నీ ఆటలు ఎట్ల లేస్తాయి?”

“నువ్వు వచ్చేదాకా నిద్రపోనీ. ఆ గోడ పక్కన కాసులేసి ఆడే మిషను ఒకటుండాది గదా, అంగడికి అది చాలు. నువ్వు ఎట్లాగూ నగరికి పోతా ఉండావు. మా ఇల్లు మీ అక్కోళ్ళ వీధి చివరే.”

తెర వెనక నుంచి ప్రసూనాంబ గొంతు వినబడింది. “మామకు కండ్లే సరిగ్గా లేవు, చెవులు బాగుండాయి. ఆ పెట్టె మూత సప్పుడుకే ఎవురు పంపినారో కనుక్కుంటాడు.”

“కనుక్కోనీ,” అన్నాడు దామోదరం. “నేను అడగలేదు అనుకునేదానికి ఆయనకు ఒక సందుంటే చాలు.”

వరదయ్య మూటను చంకలో పెట్టుకున్నాడు. లోపలి యంత్రం తను బాగుచేసినదే. ఎక్కడ ఏ మర ఉందో తెలుసు. అయినా ఈసారి దాని బరువు కొత్తగా ఉంది. దామోదరం బస్టాండు దాకా కూడా వచ్చాడు. నగరి బస్సు ఇంజను అప్పటికే వణుకుతోంది. కిటికీ పక్కన కూర్చున్న వరదయ్య దగ్గరికి వచ్చి కమ్మీ పట్టుకున్నాడు.

“ఆయన కాడ కూర్చోని ఊరికే మాట్లాడన్నా, నీకు అది బాగా వచ్చు. హంస మూల కాడ నిలబడి ఉండాది, యా పక్క తిరగల్లో దానికి తెలీలేదు అని మాత్రం సెప్పు. ఇంకేం అడగొద్దు. ఆయన మూల గళ్ళు పాడేదానికి మొదలుపెట్టినాడంటే మీట నొక్కి, చేతులు ఒళ్ళో పెట్టుకో. మధ్యలో ఆపొద్దు. తప్పు సదివి మళ్ళీ మొదటికి పోయినా ఆపొద్దన్నా. ఆ తప్పు గూడా నాకు కావల్ల, అట్లనే తీసుకోనిరా.”